ఊరి దారికి 200 మొక్కలా, 500లా? ఏ చెట్టు ఎక్కడ పెట్టాలి?

చెల్కదారి (ప్రశ్న)

అందరికీ నమస్తే. నల్గొండ జిల్లాలో చిన్న ఊరు. మెయిన్ రోడ్డు నుంచి ఊళ్లోకి కిలోమీటరున్నర దారి. ఈ వానాకాలం పంచాయతీ, యువజన సంఘం, మహిళా సంఘాలు కలిసి దారికి రెండు పక్కలా మొక్కలు పెట్టాలని అనుకుంటున్నాం. దారి మొదటి సగం ఎర్ర చెల్క, ఇసుక కలిసిన తేలిక నేల. రెండో సగం గట్టి మొరం, పార దిగదు. ఎడమ పక్కన 11 కేవీ కరెంటు లైను పోతుంది. దారి చివర చెరువు కట్ట, 600 మీటర్లు. కట్ట దాటితే బడి, ఆవరణ అర ఎకరం. మేకలు ఎక్కువ. నీళ్లకు పంచాయతీ ట్రాక్టరు, 5,000 లీటర్ల ట్యాంకరు ఉన్నాయి గానీ వారానికి ఒక్క ట్రిప్పే దొరుకుతుంది.

దారి మధ్యలో ఇదివరకు పెట్టిన కోనోకార్పస్ (ఏడాదంతా పచ్చగా ఉండే పరాయి చెట్టు) 70 దాకా ఉన్నాయి. పక్క మండలంలో ఒక నర్సరీ వాళ్లు అవే ఇంకో 300 ఊరికే ఇస్తామంటున్నారు. వద్దని కొందరు, ఊరికే వచ్చేదాన్ని ఎందుకు కాదనాలని కొందరు. 500 పెట్టాలని ఒక మాట, 200 చాలని ఇంకో మాట. మన చెట్లే పెట్టాలంటే ఏది ఎక్కడ పెట్టాలి, గుంత ఎంత, నీళ్లెంత, మేకల నుంచి ఎట్లా కాపాడాలి? చెరువు కట్ట మీద పెట్టొచ్చా? మియావాకీ (చిన్న జాగాలో మొక్కలు చిక్కగా నాటి అడవిలా పెంచడం) అని కూడా ఒకరు అంటున్నారు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.


నీళ్లలెక్క

అన్నా, ఎన్ని పెట్టాలో మీ ట్యాంకరే చెప్పేసింది. మొదటి ఎండాకాలం ఒక్కో మొక్కకు వారానికి 20 లీటర్లు కావాలి. అంతకన్నా తక్కువ పోస్తే పైమట్టి తడిసి ఆ సాయంత్రానికే ఆరిపోతుంది, వేరు దాకా చేరదు. 5,000 లీటర్లను 20తో భాగిస్తే 250. పైపు దగ్గర, దారిలో ఒలికిపోయేది తీసేస్తే 200. మీరు 500 పెడితే ఒక్కోదానికి 8 లీటర్లు వస్తాయి, మార్చి నెలాఖరుకి మూడొంతులు ఎండిపోతాయి. చివరికి మిగిలేవి 200 పెట్టి బతికించినవాటికన్నా తక్కువే. గుంతల కూలి మాత్రం రెండున్నర రెట్లు.

ఏడాది మొత్తం లెక్క ఇట్లా వేసుకోండి. జులైలో నాటితే అక్టోబరు దాకా వానలు చూసుకుంటాయి. మధ్యలో పది పన్నెండు రోజులు వాన ఎగ్గొడితే ఒక తడి ఇవ్వాలి. నవంబరు నుంచి జనవరి దాకా 15 రోజులకొకసారి, అంటే 6 ట్రిప్పులు. ఫిబ్రవరి మొదటి వారం నుంచి జూన్ నడుమ దాకా వారం వారం, ఇంచుమించు 20 ట్రిప్పులు. మొత్తం 26. డీజిలు, డ్రైవరు, పైపు పట్టుకునే ఇద్దరు మనుషుల కూలి ఈ 26 రోజులకూ ఎక్కడి నుంచి వస్తుందో నాటకముందే పంచాయతీ తీర్మానంలో రాయించండి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పక్కన పెట్టాలి, నాటినవాటిలో 85 శాతం బతికించాలి. ఆ 10 శాతం మొక్కల కొనుగోలుకన్నా నీళ్లకే ఎక్కువ పోవాలి.

రెండో ఎండాకాలం 15 రోజులకు 30 లీటర్లు చాలు. మూడో ఏడు ఏప్రిల్, మేలో నాలుగు తడులు. ఆ తర్వాత వేప, కానుగ లాంటివి మీ మొహం చూడవు.

ట్యాంకరు పైపు నేరుగా మొక్క మొదట్లో పెట్టి వదిలేయడం అందరూ చేసే తప్పు. ఆ జోరుకి మట్టి కొట్టుకుపోయి వేళ్లు బయటపడతాయి. పైపు చివర గోనె సంచి ముక్క చుట్టి కట్టండి, జోరు చచ్చి నీళ్లు పరుచుకుంటాయి. మొక్క చుట్టూ మూడడుగుల వెడల్పు పాది, గట్టు జానెడు ఎత్తు. 20 లీటర్లు ఒక్కసారి పోస్తే పొంగి పోతాయి, మొరంలో అయితే మరీను. సగం సగం చేసి రెండు దఫాలు పోయాలి, అంటే ట్రాక్టరు దారి వెంట వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి.

మియావాకీ సంగతి. చదరపు మీటరుకు మూడు నుంచి అయిదు మొక్కలు, మూడడుగుల లోతున నేలంతా తవ్వి ఎరువు కలపడం, రెండు మూడేళ్లు విడవకుండా నీళ్లు. బడి ఆవరణలో ఓ మూలన 100 చదరపు మీటర్లలో చేసినా 300 మొక్కలు దాటతాయి, మీ దారికి ఇచ్చే నీళ్లు అక్కడికే పోతాయి. మన నల్గొండ అడవి సహజంగానే పలచన, ఎండాకాలం ఆకు రాల్చే అడవి. నీళ్లకు ఇబ్బంది లేని సిటీలో చెయ్యనీండి. మీకు వద్దు.


కంపకంచె

పై లెక్కకు నా ఓటు. గుంతల గురించి రాస్తాను.

చెల్క నేలలో అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు సరిపోతుంది. మొరంలో ఆ కొలత చాలదు, రెండున్నర అడుగులు దిగాలి. గడ్డపారతో కాని పని కాబట్టి జేసీబీయో, ట్రాక్టరు డ్రిల్లో తెస్తారు. డ్రిల్లు వేసిన గుంత గోడలు కుండ లోపలి భాగంలా నున్నగా మెరుస్తాయి. అందులో నీళ్లు నిలుస్తాయి, వేరు గోడకు తగిలి బయటికి పోలేక లోపలే చుట్టుకుంటుంది. మూడో ఏట చెట్టు పెరగడం ఆగిపోయి, గట్టి గాలికి మొదలంటా పడిపోతుంది. మందు చిన్నదే: గడ్డపారతో గోడలకు నాలుగు పక్కలా, అడుగున కూడా పోట్లు పొడిచి గరుకు చెయ్యండి. ఒక్కో గుంతకు రెండు నిమిషాల పని.

గుంతలు మే నెలలోనే తీయండి. నెల రోజులు ఎండ తగిలితే వేరుపురుగు, దాని గుడ్లు చాలావరకు చస్తాయి. తీసేటప్పుడు పై అరడుగు మట్టి ఒక పక్క, అడుగు మట్టి ఇంకో పక్క పోయాలి. నింపేటప్పుడు పైమట్టి కిందికి. మొరం గుంతలకు చెరువు పూడిక మట్టి రెండు తట్టలు కలిపితే తేమ నిలుస్తుంది. అంతకు మించి పోయొద్దు, జిగట కట్టి వానకు నీళ్లు నిలుస్తాయి. బాగా మాగిన పశువుల ఎరువు 5 కిలోలు, వేపపిండి 250 గ్రాములు. ఎరువు మాగిందో లేదో చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది, వేడిగా ఉన్నా పేడ వాసన వచ్చినా పనికిరాదు. పచ్చి ఎరువుకు చెదలు, వేరుపురుగు రెండూ వస్తాయి. వేపపిండి వేసినా ఆగవు.

నాటే రోజు జూన్ మొదటి వానకు కాదు. రెండు మూడు మంచి వానలు పడి గుంతలో చెయ్యి పెడితే మోచేతి దాకా తడి తగలాలి. ఆ ప్రాంతంలో అది జులై మొదటి పక్షం అనుకోవచ్చు. ఫొటోల కోసం తేదీ ముందే ఖాయం చేస్తే మొక్క పొడి మట్టిలోకి పోతుంది.

కవరు లాగి తీయొద్దు. బ్లేడుతో నిలువునా కోసి, అడుగున అంగుళం మందం మట్టిని వేళ్లతో సహా చక్కగా కోసేయండి. కవరు అడుగున గడియారం స్ప్రింగులా చుట్టుకున్న వేరు అక్కడే ఉంటుంది, దాన్ని అలాగే పెడితే పదేళ్ల తర్వాత కూడా అలాగే చుట్టుకుని ఉంటుంది. కవరు మట్టి పైభాగం నేల మట్టానికి ఒక అంగుళం పైకే ఉండాలి. వానలకు గుంత మట్టి రెండంగుళాలు కుంగుతుంది కాబట్టి చివరికి సమానమవుతుంది. మొదలు లోపలికి పూడిస్తే కాండం బెరడు కుళ్లుతుంది. తీసేసిన కవర్లన్నీ ఒక గోనెలో వేయించండి, లేకపోతే అవే మేకల కడుపులోకి పోతాయి.

ఊతకర్ర మొక్కకు ఆనించి పాతొద్దు, జానెడు దూరంలో పాతి సుతిలితో ఎనిమిది అంకె వేసి వదులుగా కట్టండి. కాస్త గాలికి ఊగితేనే కాండం లావెక్కుతుంది. బైండింగు వైరు అస్సలు వద్దు, ఏడాది తిరిగేసరికి బెరడులోకి దిగిపోతుంది.

మేకలకు సర్కారు తుమ్మ కంపను మించింది లేదు. ఊరి చుట్టూ ఉంటుంది, కొట్టినా ఎవరూ ఏమీ అనరు. మొక్క నుంచి రెండడుగులు వదిలి చుట్టూ నాలుగు గుంజలు పాతి, కంప మొదళ్లు లోపలికి, ముళ్లు బయటికి వచ్చేటట్లు ఛాతీ ఎత్తు కట్టాలి. ఎండిన కాయలున్న కంప వాడొద్దు, ఆ కాయల కోసం మేకలే వచ్చి కంచె పీకుతాయి, విత్తనం రాలి మీ పాదిలోనే సర్కారు తుమ్మ మొలుస్తుంది. కంప ఏడాదికి చివుకుతుంది, రెండో దసరాకి మళ్లీ కట్టాలి. ఇనుప గార్డులు ఎవరైనా దానం చేస్తే వాటిని బడి గేటు దగ్గర, బస్సు ఆగే చోట వాడండి. మూడేళ్లకు తీసేయాలి, తీయకపోతే ఆ చువ్వ చెట్టు నడుములోకి దిగిపోతుంది.


రావిచెట్టుకింద

జాతుల గురించి. కాస్త పెద్దది రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు కోనోకార్పస్. ఇది సోమాలియా, యెమెన్ వైపు చెట్టు, దాని దాయాది అమెరికా మడ అడవుల అంచుల్లోది. ఎడారిలో ఇసుకను ఆపడానికి మంచిదే. ఇక్కడ అది ఏడాదంతా పచ్చగా, పొడుగ్గా ఉంటుంది, త్వరగా గోడలా లేస్తుంది. నర్సరీలకు, కాంట్రాక్టర్లకు అంతకన్నా ఏం కావాలి? కానీ ఏ పిట్టకూ అందులో తిండి లేదు, కింద నీడ సన్నని చారికలా పడుతుంది. పైపులైన్లు, డ్రైనేజీల్లోకి వేర్లు పోతున్నాయని, పుప్పొడితో శ్వాస ఇబ్బందులొస్తున్నాయని ఫిర్యాదులతో 2023లో గుజరాత్ నిషేధించింది. తెలంగాణలో కూడా నర్సరీల్లో పెంచొద్దని ఆదేశాలున్నాయి. ఊరికే ఇస్తున్నారంటే అమ్ముడుపోక ఇస్తున్నారని అర్థం.

ఊరి దారికి చెట్టు నుంచి అన్నిటికన్నా ముందు కావాల్సింది ఏప్రిల్, మే నీడ. ఇక్కడే మన చెట్ల గుట్టు ఉంది. వేప, కానుగ, రావి ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాల్చి, ఉగాది నాటికి కొత్త ఆకు తొడుగుతాయి. ఎండ ముదిరేసరికి నీడ చిక్కగా సిద్ధం. తురాయి దీనికి పూర్తిగా తిరుగు. మే నెలలో కొమ్మంతా ఎర్రగా మండుతుంది, కింద నిలబడితే తల మాడుతుంది. అది మడగాస్కర్ చెట్టు. అట్లాగని మనదైన ప్రతి చెట్టూ నీడ ఇస్తుందనుకోవద్దు. రేల, మోదుగ కూడా పూత మీద ఉన్నప్పుడు ఇంచుమించు బోడిగానే ఉంటాయి. అందం కోసం అక్కడక్కడా పెట్టండి, బస్టాపు దగ్గర మాత్రం వద్దు.

చెల్క సగానికి, లైను లేని కుడి పక్క: కానుగ, వేప, నేరేడు, చింత, పొగడ. దూరం 20 అడుగులు, చింతకు 40. కానుగకు నా మార్కులెక్కువ. మేక అంతగా ముట్టదు, నేలకు నత్రజని ఇస్తుంది, ఆకు పచ్చిరొట్టగా పొలానికి పోతుంది, గింజలు ఏరి అమ్ముకోవచ్చు. ఆకుల మీద పొక్కులు, తెల్ల గీతలు వస్తాయి, చూసి కంగారుపడి మందు కొట్టకండి, చెట్టుకు ఏమీ కాదు. నేరేడుకు నీళ్లు ఎక్కువ కావాలి, రాలిన కాయలతో రోడ్డు జారుతుంది కాబట్టి మలుపుల్లో వద్దు. చింత నిజానికి ఆఫ్రికా నుంచి వచ్చిందే, కానీ వచ్చి ఎన్ని తరాలైందో, మన పులుసు దాన్ని పరాయిది అంటే ఒప్పుకోదు. గాలికి పడదు, వందేళ్లు ఉంటుంది.

మొరం సగానికి: నారేప, వేప, సోమి, బిల్లు, వెలగ, రేగు. నారేప గురించి ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నాను. రాతి సందుల్లో కూడా వేరు నిలువునా దింపుకునే చెట్టు. మొదటి రెండేళ్లు పైకి పెరగదు, మూరెడు మొక్క మూరెడుగానే ఉంటుంది. చచ్చిందని పీకేస్తారు. అప్పటికి అది కింద వేరు పెంచుకుంటూ ఉంటుంది. ఆకంటే మేకకు ప్రాణం, కంప గట్టిగా ఉండాలి. జమ్మి రాష్ట్ర వృక్షం కాబట్టి రెండు మూడు పెట్టండి, దసరాకు ఊళ్లో అందరికీ ఆకు దొరుకుతుంది, అది కూడా నిదానమే.

లైను కింద ఎడమ పక్క: పెద్ద చెట్టు పెడితే కరెంటు వాళ్లు ఏటా వానాకాలం ముందు నడుముకి నరుకుతారు, తప్పు వాళ్లది కాదు. 15 అడుగులు దాటనివే పెట్టండి: పారిజాతం, సీతాఫలం, కరివేపాకు. ఉసిరి, మారేడు, దేవకాంచనం కావాలంటే తీగకు పక్కగా పది పన్నెండు అడుగులు జరిపి.

మర్రి, రావి, మేడి, జువ్వి. వీటిని దారిలో కాదు, బడి వెనక, ఊరి బయట ఖాళీ జాగాలో నాలుగైదు పెట్టండి. గోడకు, బావికి 40 అడుగుల దూరం. పిట్టల విషయానికొస్తే మిగతా 195 ఒక ఎత్తు, ఈ అయిదూ ఒక ఎత్తు. ఒక్కో చెట్టు ఒక్కో నెలలో కాస్తుంది. మామిడి, నేరేడు లేని నెలల్లో కోకిల, గోరింక, పచ్చపావురం, గబ్బిలం వీటి మీదే బతుకుతాయి. అవి రెట్టలతో తెచ్చి వేసిన విత్తనాలే మీ గట్ల మీద ఊరికే మొలుస్తాయి. మొక్కలు కొనక్కర్లేదు. మర్రికి ఆరేడు అడుగుల కొమ్మ, ముంజేయి లావుది, జూన్ చివర వానల్లో కొట్టి రెండడుగులు పాతి, పై కోత మీద పేడ ముద్ద పెడితే చాలా మటుకు నాటుకుంటుంది. రావి కొమ్మ అంత నమ్మకం కాదు. పాత గోడల మీద మొలిచిన రావి మొక్కను గోడ తడిసి ఉన్నప్పుడు వేరుతో తీసి, కవరులో ఒక ఏడాది పెంచి పెట్టండి.

ఏ జాతీ మొత్తంలో ఆరో వంతు దాటొద్దు. 200కి 33. అన్నీ వేపలే పెట్టిన ఊళ్లకు ఇటీవలి ఏళ్లలో వేప కొనలు ఎండే రోగంతో ఏమైందో చూశారుగా.

ఇంకొకటి. వానాకాలంలో రేల చిగుళ్లను ఆకుపచ్చ పురుగులు రెండు మూడు రోజుల్లో ఈనెలు మాత్రం మిగిల్చి తినేస్తాయి. అవి లేత పసుపు సీతాకోకచిలుకల పిల్లలు. పదిహేను రోజుల్లో మళ్లీ చిగురొస్తుంది. బడి ఆవరణలో రెండు రేల చెట్లు పెట్టి పిల్లలకు చూపించండి, మందు డబ్బా మాత్రం దూరంగా ఉంచండి.


కట్టకింద

చెరువు కట్ట ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. కట్ట మీద, దాని రెండు వాలుల మీద చెట్లు పెట్టకండి. మట్టికట్టలో పెద్ద చెట్టు బతికున్నన్నాళ్లు ఇబ్బంది తెలియదు. ఎప్పుడో ఎండిపోతుంది, వేరు లోపలే కుళ్లుతుంది, ఆ వేరు ఉన్న చోట గొట్టంలా ఖాళీ మిగులుతుంది. చెరువు నిండిన ఏడు నీళ్లు ఆ దారి పట్టుకుని బుంగ పడుతుంది, బుంగ గండి అవుతుంది. గాలికి చెట్టు కూలితే వేరుముద్దతో పాటు కట్ట మట్టి కూడా లేచిపోతుంది. కట్ట మరమ్మతుల్లో ముందు కంప, చెట్లు కొట్టించేది అందుకే. తూము, మత్తడి (అలుగు) దగ్గర అయితే మరీ వద్దు.

కట్ట వెనక వాలు దిగాక, అడుగు నుంచి 15 అడుగులు వదిలి తాటి టెంకలు పెట్టండి. మొక్కలు కొనొద్దు, కవర్లలో పెంచొద్దు. తాటి టెంక నుంచి వచ్చే మొదటి మొలక పైకి రాదు, రెండడుగుల దాకా కిందికి దిగి, అక్కడి నుంచి ఆకు పైకి పంపుతుంది. కవరులో ఆ మొలక అడుగున తగిలి వంకర పోతుంది. ఆగస్టు, సెప్టెంబరులో పండి రాలిన తాటిపళ్ల టెంకలు ఏరి, వారంలోపు అరడుగు లోతున, పది అడుగులకొకటి పాతాలి. చోటుకు రెండు టెంకలు వేయండి. నీళ్లు పొయ్యక్కర్లేదు, మేక తినదు, ట్యాంకరు లెక్కలోకి రాదు. వీటికున్న శత్రువు ఒకటే, తేగలు. నాలుగు నెలలకు ఎక్కడ పాతారో తెలిసినవాళ్లు తవ్వుకుపోయి కాల్చుకు తింటారు. పిల్లలకు తేగల కోసం వేరే ఒక మడి వేసి పెట్టండి, ఆ గొడవ ఉండదు. కల్లు గీతకు వచ్చేది పదిహేను ఇరవై ఏళ్లకు, అది కూడా గౌడ సంఘంతో ముందే మాట్లాడుకోండి.

చెరువు లోపల శిఖం (చెరువు నిండితే మునిగే నేల) అంచున, నీళ్లు కొన్ని నెలలు నిలిచే చోట నల్ల తుమ్మ, తెల్లమద్ది, కానుగ తట్టుకుంటాయి. వేప చస్తుంది. శిఖంలో ఏది పెట్టాలన్నా నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజనీరును (ఏఈ) అడిగి కాగితం తీసుకోండి.


సాగరతీరం

విశాఖ వైపు నుంచండి. "మన చెట్టే" అన్న ఒక్క మాటతో అన్నీ సర్దుకోవని చెప్పడానికి రాస్తున్నా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నగరంలో చెట్లు వేలల్లో పోయాయి. పచ్చ తురాయి, నిద్రగన్నేరు లాంటి త్వరగా పెరిగే పరాయి చెట్లు పెళుసు కొమ్మలతో, పైపైన వేళ్లతో తేలిగ్గా లొంగిపోయాయి. సరే, బుద్ధి వచ్చిందనుకుంటే తర్వాత రోడ్ల వెంట ఏడాకులపాల వరసగా పెట్టారు. అది మన దేశం చెట్టే, త్వరగా పెరుగుతుంది, మేక ముట్టదు. ఊరి చివర ఒక చెట్టు ఉంటే అక్టోబరు రాత్రుల్లో ఆ వాసన బాగానే ఉంటుంది. వీధి పొడుగునా వందలుంటే కిటికీలు మూసుకోవాల్సి వస్తోంది, తలనొప్పి, ఆయాసం అని ఏటా ఫిర్యాదులు. కాబట్టి ఎవరైనా మీకు ఏడాకులపాల ఇస్తామంటే రెండు తీసుకోండి, ఇరవై వద్దు.

ఇటువైపు చదివేవాళ్లకు ఒక మాట. కోస్తాలో నాటే కాలం జులైలోనే అయిపోదు. నెల్లూరు, ప్రకాశం వైపు వాన ఎక్కువగా పడేది అక్టోబరు, నవంబరులో కాబట్టి అప్పుడే నాటాలి. ఉప్పుగాలికి పున్నాగ, గంగరావి, కానుగ, తాటి. వేప సముద్రానికి మరీ దగ్గరైతే గాలి వైపు కొమ్మలు మాడతాయి.


నర్సరీబెంచి

మొక్క ఎంపికలో సగం పని ఉంది, దాని గురించి ఎవరూ రాయలేదు.

దారి పక్కకు నాలుగడుగుల పైన, బొటనవేలు లావు కాండం ఉన్నది తీసుకోండి. కవరు 8 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవుకు తక్కువ ఉండొద్దు. చిన్న కవరులో అయిదడుగుల మొక్క కనిపిస్తే వదిలేయండి, దాని వేరంతా చుట్టుకుని ఉంటుంది. కవరు ఎత్తి చూడండి. కిందినుంచి వేరు నేలలోకి దిగి ఉంటే ఎత్తేటప్పుడు అది పుటుక్కున తెగుతుంది, మొక్క మర్నాటికి వాడిపోతుంది. అలాంటివే మంచివనిపిస్తే మూడు వారాల ముందు వెళ్లి కవర్లు జరిపించి, వేరు కోయించి, అక్కడే ఎండలో ఉంచి నీళ్లు పోయమనండి. తట్టుకున్నవే ట్రాక్టరు ఎక్కించండి. తెచ్చేటప్పుడు పైన తడి గోనె కప్పాలి, తల గాలికి వదిలేస్తే పది కిలోమీటర్లలో ఆకంతా వడలిపోతుంది.

నారేప, సోమి, బిల్లు మామూలు నర్సరీల్లో దొరకవు. అటవీ శాఖ నర్సరీలో ముందే అడిగిపెట్టాలి, లేదా మీ పంచాయతీ నర్సరీలోనే వచ్చే ఏటికి పెంచుకోవాలి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, మాగిన ఎరువు ఒక పాలు. వేప పండు జూన్, జులైలో రాలుతుంది, గుజ్జు కడిగి నీడన ఆరబెట్టి రెండు వారాల్లోపు వేసెయ్యాలి, ఆ తర్వాత మొలక రోజురోజుకీ పడిపోతుంది. నేరేడు ఇంకా తొందర, తిన్న వారంలోనే. రేల గింజకు పెంకు గట్టి. మరిగిన నీళ్లు పొయ్యి మీది నుంచి దించి గింజల మీద పోసి, రాత్రంతా అందులోనే చల్లారనిచ్చి, ఉబ్బినవి వేయండి. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద రుద్ది మళ్లీ నానబెట్టండి. చింత గింజకు ఒక రోజు నానితే చాలు.

విత్తన బంతుల గురించి కూడా ఇక్కడే. మే నెలలో పిల్లలతో వేప గింజల బంతులు చేయించి జూన్‌లో గుట్టల మీద విసిరే కార్యక్రమాలున్నాయి. మే నెలలో చేతిలో ఉన్న వేప గింజ పోయినేటిది. అది ఎప్పుడో చచ్చింది, మట్టిలో చుట్టి విసిరినా, చుట్టకుండా విసిరినా ఒకటే. బంతులు చేయాలనే ఉంటే సీతాఫలం, రేగు, చింత లాంటి నిలవుండే గింజలతో చేయండి, మొలిచి బతికేవి కొద్దిగానే ఉంటాయని అనుకునే చేయండి.


చెల్కదారి

అందరికీ చాలా థాంక్స్. 200కే ఒప్పించాను, కట్ట మీద మానేశాం, తాటి టెంకలకు ఊళ్లో ఇప్పుడే ఉత్సాహం మొదలైంది. రెండు అనుమానాలు మిగిలాయి. వేప కొనలు ఎండిపోయే రోగం మా దగ్గర కూడా ఉంది, ఇప్పుడు వేప పెట్టొచ్చా? ఉన్న 70 కోనోకార్పస్‌ను ఏం చేయాలి, ఒకేసారి కొట్టించాలా?


రావిచెట్టుకింద

వేప పెట్టొచ్చు, 30 దాటకుండా. అది ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం (ఫంగస్) వల్ల వచ్చే తెగులు. టీ దోమ కుట్టి రసం పీల్చిన చోట ఇంకా తేలిగ్గా దిగుతుంది. వానల చివర నుంచి డిసెంబరు దాకా కొనలు మాడినట్లు కనిపిస్తుంది. పెద్ద చెట్టు చచ్చినట్లే కనబడినా ఎక్కువగా ఎండాకాలం మొదట్లో మళ్లీ చిగురిస్తుంది, కొట్టేయకండి. చిన్న మొక్కకు ఎండిన కొనను పచ్చి భాగంలోకి నాలుగు వేళ్లు దిగి కత్తిరించి కాల్చేయాలి. కార్బెండజిమ్ అనే తెగులు మందు లీటరు నీళ్లకు 2.5 గ్రాములు కలిపి ఆకు తడిసేలా కొట్టి, అదే నీళ్లు మొదట్లో కూడా పోయండి. ఒక మొక్కకు వాడిన కత్తెర మంటలో చూపించకుండా ఇంకోదానికి పెట్టొద్దు.

కోనోకార్పస్ ఒకేసారి వద్దు. మూడేళ్లలో పోయేలా పెట్టుకోండి. ఈ జులైలో రెండు కోనోకార్పస్‌ల మధ్య, దారికి మూడడుగులు బయటికి జరిపి కానుగో పొగడో పెట్టండి. ఎండ తగలాలి కాబట్టి కొత్త మొక్కల వైపున్న కోనోకార్పస్ కొమ్మలు మాత్రం నరకండి. రెండో ఏడు ఒకటి విడిచి ఒకటి తీయండి, మూడో ఏడు మిగతావి. తీయడానికి పంచాయతీ తీర్మానం, దానితో అటవీ శాఖకు వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద దరఖాస్తు పెట్టుకోండి. ఏ చెట్టయినా సరే, అడగకుండా కొట్టించొద్దు.

నేలమట్టానికి కోసి వదిలేస్తే నెలలో పది కొమ్మలు లేస్తాయి. మొదలు జేసీబీతో పెకిలించగలిగిన చోట పెకిలించండి, పైపులైను పక్కన ఉన్నవాటికి మాత్రం జేసీబీ వద్దు. అక్కడ మొదలు చుట్టూ అడుగు లోతు తవ్వి, మట్టి కింద కోసి, మీద మట్టి కప్పండి. చిగురు వస్తే వేలెడు ఉండగానే విరిచేయాలి. ట్యాంకరు వెంట వారం వారం తిరిగే మనిషికే ఆ పని అప్పజెప్పండి.